అంగడి నుండి పొయ్యి వఱకు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగనాడు వంటను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా నుండవచ్చును. "గ్రంథాలయంల పచ్చిపులుసు ముచ్చటేందయ్యా?" అని ఒక మిత్రుడు నిన్ననే మేలమాడెను. అతనికి చెప్పిన ప్రత్యుత్తరమునే మీకును విన్నవించుచున్నాను. మన పూర్వకవులలో వంటింటిని చిన్నచూపు చూచినవారు అరుదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని వర్ణించుచు, దారిన పోవు వైష్ణవులకు ఆయన పెట్టిన భోజనమునే ఆయన భక్తికి నిదర్శనముగా చూపెను. వానకాలమున ఒక తీరు, ఎండకాలమున ఒక తీరు, చలికాలమున మఱొక తీరు. బాటసారికి ఋతువు నెఱిగి వండిపెట్టుట గొప్ప విద్య యని రాయల యభిప్రాయము. ఆ వంటలలో కారమునకు మిరియమే గాని మిరపకాయ కానరాదు. ఎందుచేతనో కొంత సేపటికి మనవి చేసెదను.

ఇంతకంటెను మన విషయమునకు దగ్గఱగా వచ్చు గ్రంథము క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన యా రూపకమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు స్నేహితులు ఓరుగల్లు వీథుల వెంట తిరుగుచు, అంగళ్లను, ఆటలను, పాటలను, జనులను చూచుచు, నడుమ పూటకూళ్లయింట భోజనమును గూర్చి ముచ్చటింతురు. అచ్చట ఒక్క రూకకు సన్నబియ్యపన్నము, గోధుమ పిండివంట, పెసరపప్పు, కమ్మని నెయ్యి, అరటిపండ్లు ఎట్లు దొరకునో కవి నోరూరునట్లు చెప్పెను. ఊరు చూడవచ్చినవాడు ముందు వీథి తిరుగవలెను, పిదప ఆ యూరి కూడు తినవలెనను క్రమము మనకు ఆఱు వందల యేండ్లనాడే తెలిసియున్నది. మన పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు ఈ చిన్న గ్రంథమును గనివలె త్రవ్వుకొనిరి. 1949లో వెలువడిన యా పుస్తకమునకే 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీవారు తెలుగునకు తమ తొలి బహుమానము నొసగిరి. కావున గ్రంథాలయమున తిండి ముచ్చట అపచారము కాదు.

ఇక సముద్రముల కావలికి పోవుదము. స్పెయిన్ దేశమున నేడు పరదేశి యాత్రికులకు ఒక తీరు విద్య నేర్పుచున్నారు. ఉదయమున యాత్రికులు ఊరి కూరగాయల అంగడి గుమ్మము కడ చేరుదురు. అచ్చట వారికై వంట నేర్పువారు వేచియుందురు. అందఱును కలసి అంగడిలో ప్రవేశించి, ఏ చిక్కుడు లేతది, ఏ చేప తాజాది, ఏ కుంకుమపువ్వు కల్తీలేనిది అని బేరగాండ్రనే అడిగి తెలిసికొనుచు సరకులు కొందురు. పిమ్మట వంటింటికి పోయి, నడుములకు గుడ్డలు కట్టుకొని, తామే కోసి, తామే వండి, ఒక బల్ల చుట్టు కూర్చుండి భుజింతురు. దీనికి రుసుము కలదు. తిండికై ఇచ్చిన సొమ్ము కాదది, చదువునకై ఇచ్చిన సొమ్ము.

వాలెన్సియా నగరమున 1928లో తెఱచిన సెంట్రల్ మార్కెట్టు యీ పనికి పేరుపడిన చోట్లలో నొకటి. ఇనుము, గాజు, రంగుల పెంకులతో గుమ్మటము లెత్తి కట్టిన యా భవనము దేవాలయమా, అంగడియా యని సందేహింపదగి యుండును. కాని నన్ను ఆకర్షించినది ఆ భవనము కాదు. అచ్చట నేర్పు వంట యేది యనునదే నాకు ముఖ్యము. రాజుల బల్లలపై వడ్డించిన విందులను వారు నేర్పుట లేదు. వారు నేర్పునది 'పాయెయా'. వాలెన్సియాకు దాపున అల్బుఫేరా యను నీటిమడుగు చుట్టును వరిచేలు కలవు. ఆ చేలలో పనిచేయు కూలివారు మధ్యాహ్నపు వేళ పొలము గట్టుననే వండుకొను కూడిది. వెడల్పుగా, లోతు లేక యుండు ఇనుప మూకుడులో ఆలివు నూనె పోసి, కోడిమాంసమో కుందేటిమాంసమో వేయించి, చిక్కుడుకాయలు, టమాట, ఇంత కుంకుమపువ్వు వేసి, నీరు పోసి, బియ్యము పఱచెదరు. నారింజకట్టెల మంటపై ఉడుకనిత్తురు. బియ్యము పడిన పిమ్మట గరిటె పెట్టి కలుపరాదని గట్టి కట్టడి. అడుగున పట్టిన మాడు వారికి మిక్కిలి ఇష్టము. దానికి 'సొకరాత్' అని ప్రత్యేకముగా పేరు కూడ పెట్టుకొనిరి. మూకుడు చుట్టును కూర్చుండి కొయ్యచెంచాలతో ఎవరి ముంగలి భాగము వారు తినుట పూర్వాచారము. పాయెయా యనగా ఆ మూకుడే.

వారి దక్షిణభాగమున అందలూసియా యని వేడిమి గల ప్రాంతమున్నది. అచ్చటి కూలిజనుల వేసవి యాహారము 'గస్పాచో'. ఎండిన రొట్టె, వెల్లుల్లి, ఆలివు నూనె, పులిసిన ద్రాక్షరసము, నీరు కలిపి నూఱి, పొయ్యి మీద పెట్టకయే త్రాగుదురు. అమెరికా నుండి టమాట వచ్చిన తరువాత దానికి ఎఱ్ఱరంగు వచ్చినది. ఇది విన్నప్పుడు మీకేమి జ్ఞప్తికి వచ్చినది? చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు వేసి, పులుసును పొయ్యి మీద కాగబెట్టకయే వడ్డించు మన పచ్చిపులుసు కాదా? ఎండలు మండు మిట్టభూములలో పగలంతయు పనిచేయువాని ప్రాణము అక్కడను ఇక్కడను ఒక్కటే కోరినది. అక్కడ అది భోజనశాలల పట్టికలకెక్కినది. ఇక్కడ చుట్టము వచ్చిననాడు దానిని మూలకు నెట్టుచున్నాము.

నేనీ విషయమును ఎత్తుకొనుటకు కారణము దగ్గఱనే యున్నది. పూర్వము మన నల్లగొండ జిల్లాలోనిదియు, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిదియు నగు పోచంపల్లిని మీరందఱు నెఱుగుదురు. 1951 ఏప్రిల్ 18వ నాడు వెదిరె రామచంద్రారెడ్డిగారు ఆచార్య వినోబాకు నూఱెకరములు దానమిచ్చి భూదానమునకు నాంది పలికిన యూరది. ఆ యూరి చేనేత ఇక్కత్ చీరలు లోకప్రసిద్ధములు. 2021లో ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థ మొట్టమొదటిసారిగా ఉత్తమ పర్యాటక గ్రామములను ఎంచగా వానిలో పోచంపల్లియు నొకటి యయ్యెను. ఆ సంస్థ ప్రధానకార్యాలయము స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోనే యున్నది. డిసెంబరు 2వ నాడు బహుమానము నిచ్చినదియు అక్కడనే. కృష్ణాతీరపు సోమశిలను 2024లో కేంద్ర పర్యాటకశాఖవారు మెచ్చిరి. నాగార్జునసాగరమున 2022లో బుద్ధవనము తెఱచిరి. అలంపురము నవబ్రహ్మాలయములు సరేసరి. యాత్రికులు వచ్చుచున్నారు, ఇంకను వచ్చెదరు.

వచ్చినవారికి మనము చూపుచున్నదేమి? మగ్గమును చూపుచున్నాము, గుడిని చూపుచున్నాము. మంచిదే. కాని పోచంపల్లి హైదరాబాదునకు ఇంచుమించు యాబది కిలోమీటర్ల దూరము మాత్రమే. ఉదయము వచ్చి చీర కొనినవాడు భోజనపు వేళకు నగరము చేరి, అక్కడ ఏ బిరియానియో తినుట ఎంతయు సులభము. ఊరిని కన్నులతో చూచి, నాలుకతో చూడకయే మరలినవాడు సగమే చూచినట్లు.

మన ప్రాంతమున వారమునకొక దినము కూడు సంతను అంగడి యందుము. అచ్చటికి ఒక పరదేశి యతిథిని, విశేషించి స్పెయిన్‌వానిని, వెంటబెట్టుకొని పోయితిమనుకొనుడు. వానికి చూపదగిన వింతలు అడుగడుగున నున్నవి. వానిలో సగము వాని యింటివే. ఎఱ్ఱని మిరపకాయల కుప్ప కడ ముందుగా నిలుపవలెను. 1493లో కొలంబసు అమెరికా దీవులనుండి స్పెయిన్‌కు తెచ్చిన వస్తువులలో మిరప యొకటి. అతడు వెదకపోయినది మిరియములకై, దొరకినది మిరప. అందుచేత వారి భాషలో మిరియమును పిమియెంతా యనియు, మిరపను పిమియెంతో యనియు పిలిచిరి. మనవారు చేసినదియు అట్టిదే. మిరియము, మిరప యను మాటల చుట్టఱికము వినినంతనే తెలియును. 1510లో గోవా పట్టణమును ఆక్రమించిన పోర్చుగీసువారి ఓడలవలన ఆ కాయ మన దేశమున వ్యాపించినది. విష్ణుచిత్తుని పొయ్యి మీద మిరియమేల యున్నదో ఇప్పుడు తెలిసినది గదా! నేడు మిరపకాయ లేని తెలంగాణ వంటిల్లు ఊహకందునా?

మిరపతో ఆగలేదు. పల్లికాయ, టమాట, మక్కజొన్న, ఆలుగడ్డ, బొప్పాయి, జామ, ఇవి యన్నియు ఆ కొత్తఖండమునుండి వచ్చినవే. పాలమూరు ఎఱ్ఱనేలలలో ఇంతగా పండు పల్లికాయ దక్షిణామెరికా బిడ్డ. బాలానగరపు సీతాఫలమును మెచ్చనివారు లేరు. వృక్షశాస్త్రజ్ఞులు దాని పుట్టిల్లును ఆ దిక్కుననే చూపుచున్నారు. మనము మాత్రము ఒక దానిని సీతాఫల మనియు, దాని తోబుట్టువును రామఫల మనియు, టమాటను కొన్ని తావుల రామములగ యనియు పేరిడి, సీతారాములను సాక్షిగా నిలిపి ఆ పరదేశీయులకు మన గోత్రము నిచ్చితిమి. అతిథిని ఇంటివానిగా చేసికొను నేర్పు మనకు కొఱతపడలేదు.

ఎదురుగ పోయినవియు కలవు. వంకాయను స్పెయిన్‌వారు బెరెంహేనా యందురు. ఆ మాట అరబ్బీ, పారశీకముల మీదుగా మన దేశపు వాతింగణ శబ్దమునుండి పోయినది. నారింజను నరాంహా యందురు. అది మన నారంగమే. చక్కెరను అసూకర్ అందురు, అది శర్కర. చింతపండు తామరిందో, హిందూదేశపు ఖర్జూరమని అరబ్బులు పెట్టిన పేరది. వరిని ఆ దేశమునకు తీసికొనిపోయినవారును అరబ్బులే. మన నల్లగొండ బత్తాయికి మోసంబి యను పేరు ఆఫ్రికాలోని మొజాంబిక్‌నుండి వచ్చినది. ఇంత భూగోళము, ఇంత చరిత్ర, ఇంత నిఘంటువు గోనెపట్టాలమీద కుప్పలుగా పోసి యుండగా, మన పిల్లలు దానిని పాఠ్యపుస్తకమున మాత్రమే చదువుట నాకు వింతగా తోచును. అంగడి చూపుట అతిథికొఱకే కాదు.

ఆకుకూరలమ్ము అవ్వ కడ గంగవాయిలి కూర చూపుడు. స్పెయిన్‌వారు దానిని వెర్దొలాగా యని పచ్చిగానే తినుట కలదు. పప్పులో వేసి వండుట మనము నేర్పవలెను. పుంటికూర, పొన్నగంటి, చెంచలి, చింతచిగురు, వీనిని ఏ నెలలో తినవలెనో ఆ యవ్వకు తెలిసినంత ఏ గ్రంథమునను వ్రాసియుండలేదు. ఇక కొసరు మాట. తూకము ముగిసిన పిమ్మట మఱొక పిడికెడు వేయించుకొను ఆచారమును అతిథికి తప్పక నేర్పవలెను. కొసరు అడుగనివానిని అంగడి యింకను పరాయివానిగానే చూచును.

ఇప్పుడు వంటింటికి వత్తము. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. "వారు పెద్ద దొరలు, జొన్నరొట్టె ఎట్ల పెడుదుము?" అని మన యాడవారు జంకుదురు. పూరీలు చేయించెదరు, కోడిని కోసెదరు, సన్నబియ్యము తెప్పించెదరు. ఈ జంకు నిన్న మొన్నటిది కాదు. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులలో పల్నాటి జొన్నకూటిని ఈసడించినవి కలవు. మహాకవియం దుండు గౌరవము పోకుండగనే ఆయనతో వాదింపవచ్చును. ఆయనకు దొరకినది జొన్నకూడు. మన యవ్వల చేతి జొన్నరొట్టెయు, పల్లీల తొక్కును, పచ్చిపులుసును దొరకియుండినచో చాటువు వేఱుగా నుండెడిదేమో! 1967లో సాగరు కాలువలకు నీరు విడిచిన పిదప నల్లగొండ పల్లెలకు వరి వచ్చినది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యము వచ్చినది. ఆకలి తీఱినది; ఆ మేలును మఱచువాడు కృతఘ్నుడు. కాని దానితోపాటు జొన్న పేదరికమునకు గుర్తుగా మాఱి, పళ్లెములోనుండి తప్పుకొనినది. ఐక్యరాజ్యసమితివారు 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిరి; పట్టణములలో జొన్నపిండిని మధుమేహులకు మందువలె అమ్ముచున్నారు. మన ఇండ్లలోనో, చేతితో రొట్టె తట్టగల కోడలిని వెదకవలసిన కాలము వచ్చినది.

రొట్టె తట్టుట సామాన్యమైన పని యని తలంపకుడు. గోధుమపిండిలోని జిగి జొన్నపిండిలో లేదు. చన్నీట కలిపినచో అంచులు పగులును. పిండి కొత్తగా విసరినదై యుండవలెను; నెల దాటిన పిండి ఎంత పిసికినను విఱుగును. తెర్లుచున్న నీరు పోసి, చేయి కాలకుండ గరిటెతో కలిపి, వేడి చల్లాఱకముందే అఱచేతి మడమతో అదిమి అదిమి మెదుపవలెను. ముద్దను పొడిపిండిలో నుంచి, ఒక చేత తట్టుచు, ఒక చేత అంచును కాచుకొనుచు త్రిప్పవలెను. రొట్టె తానే తిరుగుచున్నట్లుండును గాని త్రిప్పు చేయి కానరాదు. పెనము మీద వేసిన వెంటనే పైభాగమును తడిచేతితో నిమురవలెను. ఆ తడి ఆఱీ ఆఱకుండగ బోర్లింపవలెను. అటుపైన నిప్పు సెగకు పెట్టినచో పొంగును. ఎన్ని క్షణములు, ఎంత తడి అని అడిగినచో అవ్వ నవ్వును. "చేతికి దెలుస్తది బిడ్డా" అనును. పాయెయా వండువారు గరిటె ముట్టకుమను నియమమును ఎంత గర్వముతో చెప్పుదురో, మన వారు ఈ తడిచేతి నియమమును అంత గర్వముతో చెప్పవలెను. వాలెన్సియాలో గొప్ప చేసి చూపునది కూలివాని కూడే యైనప్పుడు, మనకు సిగ్గేల?

వంట నేర్చుకొనవచ్చిన యతిథి చేతిలో మొదటి రొట్టె తప్పక చిఱుగును. ఆ చిఱిగిన రొట్టెలకును మన యొద్ద వినియోగము కలదు. నలిపి, బెల్లము కలిపి, మలీద చేయుడు. సద్దుల బతుకమ్మనాటి ప్రసాదమే అది. స్పెయిన్ గొల్లలును ఎండిన రొట్టెను నలిపి, వెల్లుల్లితో నూనెలో వేయించి 'మిగాస్' అని తిందురు. ఆ సంగతి చెప్పినచో అతిథి ముఖము వికసించును.

ఒక హెచ్చరిక కూడ వారినుండియే నేర్వవలసియున్నది. బార్సిలోనా నగరపు బొకెరియా అంగడి మిక్కిలి ప్రాచీనమైనది. యాత్రికులు తండోపతండములుగా వచ్చి, ఛాయాచిత్రములు తీసికొని, ఏమియు కొనక పోసాగిరి. ఊరివారు కూరగాయలు కొనుటకు త్రోవ లేకపోయెను. తుదకు 2015లో నగరపాలకులు శుక్ర శనివారములందు ఉదయము 8 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటల వఱకు, పదునైదుగురు, అంతకు మించిన గుంపులు రాగూడదని కట్టడి చేసిరి. మన అంగడి వారమునకొక్కటే దినము. ఆ దినమున దానికై ఎదురుచూచు తండావారు, పల్లెవారు ఎందఱో కలరు. వారి మధ్య ఇరువదిమంది పరదేశులను త్రోలుకొని పోవుట న్యాయము కాదు. ఆర్గురు చాలును. చేతిలో సంచి యుండవలెను. కొనవలెను. అడుగక ఎవరి ముఖమునకును కెమెరా ఎత్తరాదు. మన యక్కచెల్లెండ్రు వింతజంతువులు కారు.

లెక్కలు వ్రాయువారికి ఒక దుర్గుణముండును. ఎంత సొమ్ము వచ్చినదని గాక, ఎవరి పద్దున పడినదని చూతురు. అతిథి యిచ్చు రుసుము బండివానికింత, దారిచూపువానికింత, నగరమున కూర్చుండి కుదిర్చిపెట్టినవానికింత పోగా, తుదకు రొట్టె నేర్పిన తల్లికి 'వంటకూలి' యని ఒక చిన్న పద్దు మిగులునేని, ఈ యేర్పాటు ఎంత రమ్యముగా నున్నను నేను మెచ్చను. ఆమె వంటమనిషి కాదు, గురువు. స్పెయిన్‌లో ఆ స్థానమున నున్నవారికి ఉపాధ్యాయుని గౌరవము కలదు. పద్దుపుస్తకమున మొదటి వరుస ఆమెది కావలెను. కట్టెలకు, పిండికి, సరకులకు వేఱుగా వ్రాయవలెను. మహిళాసంఘములు పొదుపు లెక్కలు వ్రాయుటలో ఆఱితేరియున్నవి. ఈ లెక్క వారి చేతిలోనే యుండుట నాకు సమ్మతము. వంట నేర్పువేళ ఇంటి మగవారు నీరు తోడి, ఉల్లిగడ్డలు కోయవచ్చును. దానికి పద్దు అక్కఱలేదు.

ఇక గ్రంథాలయము చేయవలసిన పని యొకటి కలదు. కార్యవర్గమువారి యెదుట ఇదే నా ప్రతిపాదనము. రెండు వందల పుటల గట్టి అట్ట పుస్తక మొకటి కొని, దినపత్రికల బల్లమీద నుంచవలెను. ఊరి పెద్దమ్మలు చెప్పగా పిల్లలు వ్రాయవలెను. బాలికలు మాత్రమే కాదు, బాలురును. ఏ కూర ఏ నెలలో అంగడికి వచ్చును, పచ్చజొన్నకు ఎసరు ఎంత, తెల్లజొన్నకు ఎంత, పచ్చిపులుసులో నువ్వులపొడి ఏ యింట వేయుదురు, ఏ యింట వేయరు, చెప్పినవారి మాటలలోనే వ్రాయవలెను, దిద్దరాదు. ప్రతి పుట క్రింద చెప్పిన తల్లి పేరుండవలెను. మొదటి పుటలో జొన్నరొట్టెను వ్రాయించుటకు మా వీథిలో ఒక యవ్వ ఒప్పుకొనినది. పిండి తానే తెచ్చుకొనెదనని, పెనము మాత్రము మనలను సిద్ధపఱుపుమని కబురంపినది. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు, గ్రంథాలయము వెనుక వసారాలో.

నాకొసగిన సమయము మించినది. సెలవు.